మధ్యగతానికి అటూ ఇటూ: లా స్కూలు సీటు లెక్కలు

తెలుగువాళ్ళు నలుగురు చేరిన చోట పిల్లల చదువుల కబుర్లు రాకుండా ఉండవు. మెడికల్ స్కూలు లెక్కలయితే మనవాళ్ళకి కంఠస్థమే. ఎమ్‌క్యాట్‌లో ఎంత రావాలో, ఆసుపత్రిలో ఎన్ని గంటలు ఊరికే పని చెయ్యాలో పెళ్ళి భోజనాల దగ్గర అడిగినా చెప్పగలరు. లా స్కూలు దగ్గరకి వచ్చేసరికి మాత్రం మాట తడబడుతుంది. "మా అమ్మాయికి జి.పి.ఏ. 3.6, ఎల్‌శాట్ 166. జార్జ్‌టౌన్‌లో వస్తుందాండీ?" అని అడుగుతారు. వస్తుందనో రాదనో ఒక్క మాటలో చెప్పేస్తే బాగుండునని వాళ్ళ ఆశ. నేను లాయర్ని కాను. గణాంకశాస్త్రం నాలుగు ముక్కలు చదువుకుని, ఈ ప్రశ్న చాలాసార్లు విన్నవాణ్ణి. ఒక్క మాటలో జవాబు లేదు గాని, జవాబుకి దగ్గరగా వెళ్ళే దారి ఉంది. ఆ దారి చూపించడమే ఈ వ్యాసం పని.

ఎంసెట్ రోజుల్లో కౌన్సెలింగుకి వెళ్ళేముందు, కిందటేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఎన్నో ర్యాంకు దగ్గర ఆగిపోయిందో చూసుకునేవాళ్ళం. మన ర్యాంకు దానికి లోపల ఉంటే సీటు వచ్చినట్టే, బయట ఉంటే లేనట్టే. అమెరికా లా స్కూళ్ళకి అలాంటి గీత లేదు. 173 వచ్చిన కుర్రాడికి రాని సీటు 167 వచ్చిన అమ్మాయికి రావచ్చు. అంతమాత్రాన అక్కడ ఏదో గోల్‌మాల్ జరిగిందనుకోనక్కర లేదు. లేని గీత కోసం వెతకడం మానేసి సంభావ్యత భాషలో మాట్లాడుకుంటే దారి కనిపిస్తుంది.

ముందుగా ఎల్‌శాట్. ఈ పరీక్ష 1948లో మొదలైంది. దీన్ని నడిపే లా స్కూల్ అడ్మిషన్ కౌన్సిల్‌ని వాడుకలో ఎల్‌శాక్ అంటారు. 1991 నుంచి మార్కులు 120కీ 180కీ మధ్య ఇస్తున్నారు. రాసినవాళ్ళలో నడిమివాడికి 150ల మొదట్లో వస్తుంది. 160 తెచ్చుకుంటే నూటికి సుమారు డెబ్భై మందిని దాటినట్టు, 170 తెచ్చుకుంటే సుమారు తొంభై అయిదు మందిని దాటినట్టు. అంటే ఆ పది మెట్ల మధ్యలో పరీక్ష రాసిన జనంలో దాదాపు నాలుగోవంతు ఇరుక్కుని ఉన్నారు. పైన ఒక్కొక్క మెట్టూ అంత ఖరీదు.

2024 ఆగస్టులో ఈ పరీక్ష రూపు మారింది. ఏడుగురు అతిథులు గుండ్రటి బల్ల చుట్టూ కూచోవాలి, ఫలానావాడి పక్కన ఫలానావాడు కూచోడు అన్న తరహా పొడుపుకథల భాగాన్ని తీసేశారు. బొమ్మ గీసుకుంటే గాని తెమలని లెక్కలు అవి. చూపు లేని అభ్యర్థులు ఇద్దరు వేసిన దావా 2019లో రాజీతో ముగిసి, ఆ భాగానికి ముగింపు పలికింది. న్యాయమైన మార్పే. మన ఇళ్ళల్లో లెక్కల్లో చురుకైన పిల్లలు సాధన చేసి పూర్తి మార్కులు కొట్టగలిగిన భాగం కూడా అదే. ఇప్పుడు మార్కులకి లెక్కవేసేవి మూడే భాగాలు: రెండింటిలో ఎదుటివాడి వాదనలో లొసుగు పట్టుకోవాలి, మూడోదానిలో గడ్డు వచనం చదివి అర్థం చేసుకోవాలి. అక్కో బావో అటక మీంచి దింపి ఇచ్చిన పాత పుస్తకాల్లో సగం పనికిరావు. చిన్నప్పటినుంచీ కథల పుస్తకాలు చదివిన పిల్లలకి ఇది వరం.

165 వచ్చిందంటే అది ఖచ్చితంగా 165 అని కాదు. కొలతలో మూడు మార్కుల దాకా అటూ ఇటూ కదలిక ఉంటుందని ఎల్‌శాకే చెబుతుంది. అందుకని ఇంట్లో రాసుకున్న నమూనా పరీక్షల్లో అన్నిటికన్నా ఎక్కువ వచ్చినదాన్ని పట్టుకుని లెక్కలు వేసుకోకూడదు. చివరి అయిదింటి సగటు తీసుకోండి. రెండోసారి రాస్తే సగటున రెండు మూడు మార్కులు పెరుగుతాయి. పదీ పదిహేనూ పెరిగినవాళ్ళూ ఉంటారు గాని, మనకి వినిపించేది వాళ్ళ కథలే. అయిదేళ్ళలో అయిదుసార్లు, మొత్తం జీవితంలో ఏడుసార్లు మించి రాయనివ్వరు. 2006 నుంచి స్కూళ్ళు తమ లెక్కల్లో చూపించుకునేది అభ్యర్థి తెచ్చుకున్న మార్కుల్లో అన్నిటికన్నా ఎక్కువదాన్ని. అంచేత రెండోసారి రాయడం వల్ల నష్టం తక్కువ.

రెండో అంకె జి.పి.ఏ. తల్లిదండ్రులు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడ. కాలేజీ ట్రాన్‌స్క్రిప్టు మీద ఉన్న అంకెని లా స్కూలు వాడదు. బాచిలర్ డిగ్రీ మొదటిసారి చేతికొచ్చేలోగా చదివిన ప్రతి కాలేజీ కోర్సునీ ఎల్‌శాక్ సేకరించి, తన పద్ధతిలో మళ్ళీ లెక్క కడుతుంది. ఆ పద్ధతిలో ఏ ప్లస్‌కి 4.33, ఏ కి 4.00, ఏ మైనస్‌కి 3.67. కాలేజీ "ఈ గ్రేడు మరిచిపోతాం, మళ్ళీ రాసుకో" అని మాఫీ చేసినా, ట్రాన్‌స్క్రిప్టులో పాత గ్రేడు కనబడుతుంటే ఎల్‌శాక్ మరిచిపోదు. హైస్కూల్లో ఉండగా కమ్యూనిటీ కాలేజీలో చదివిన కోర్సులు కూడా ఇందులోకి వచ్చేస్తాయి. పదో క్లాసు పిల్లకి కాలేజీ క్రెడిట్లు వస్తున్నాయని మనం సంబరపడ్డ కోర్సులే ఇవి. ఏ.పి. పరీక్ష వల్ల వచ్చిన క్రెడిట్‌కి గ్రేడు ఉండదు కనక దానితో చిక్కు లేదు.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒకమ్మాయి ట్రాన్‌స్క్రిప్టులో 120 క్రెడిట్లకి 3.70 ఉంది. అంటే 444 పాయింట్లు. రెండో ఏడు డాక్టరీ మోజులో ఆర్గానిక్ కెమిస్ట్రీ తీసుకుంటే డి వచ్చింది. తరవాత మళ్ళీ చదివి మంచి గ్రేడు తెచ్చుకుంది, కాలేజీ పాతది తుడిచేసింది. ఎల్‌శాక్ ఆ నాలుగు క్రెడిట్ల డి ని తిరిగి కలుపుతుంది: 448 పాయింట్లు, 124 క్రెడిట్లు. హైస్కూల్లో ఉన్నప్పుడు కమ్యూనిటీ కాలేజీలో మూడేసి క్రెడిట్ల కోర్సులు రెండు చదివితే రెండిట్లోనూ బి మైనస్ వచ్చింది. అవి కూడా కలిపితే 464.02 పాయింట్లు, 130 క్రెడిట్లు. భాగిస్తే 3.57. ఇంట్లో 3.70 అనుకుంటున్నారు, స్కూలు చూసేది 3.57. ఆ తేడాకి అర్థం ఏమిటో కాస్సేపట్లో తెలుస్తుంది. ఏ ప్లస్‌లు ఇచ్చే కాలేజీలో చదివి అవి పుష్కలంగా తెచ్చుకున్న పిల్లల అంకె ఇదే కారణాన పైకి కూడా పోతుంది. ఏదైనా సరే, ట్రాన్‌స్క్రిప్టులన్నీ ముందేసుకుని, కాగితం పెన్సిలు పట్టుకుని ఈ లెక్క స్వయంగా కట్టుకోకుండా ఏ అంచనాకీ దిగవద్దు.

ఇంజనీరింగు చదివిన కుర్రాడి 3.4కీ, గ్రేడ్లు ధారాళంగా ఇచ్చే డిపార్ట్‌మెంటులో చదివిన కుర్రాడి 3.4కీ ఎల్‌శాక్ లెక్కలో తేడా లేదు. ఫైలు చదివే మనిషికి తేడా తెలుస్తుంది, కాని ఆ స్కూలు బయటికి చూపించే అంకె మాత్రం 3.4 గానే ఉండిపోతుంది. తరవాత ఎం.ఎస్. చేసి 4.0 తెచ్చుకున్నా ఈ అంకె కదలదు. ఇండియాలో బి.టెక్. చేసి ఇక్కడికి వచ్చి లా చదవాలనుకునే మన ఆడపడుచుల సంగతి వేరు. విదేశీ డిగ్రీకి ఎల్‌శాక్ జి.పి.ఏ. కట్టదు. చాలా బాగుంది, సగటు కన్నా మెరుగు, సగటు అన్న తరహాలో మాటల్లో ఒక తీర్పు రాస్తుంది. స్కూలు గణాంకాల్లో ఆ డిగ్రీ లాభానికీ నష్టానికీ రాదు. వాళ్ళకి అంచనా దాదాపు ఎల్‌శాట్ మీదే నిలబడుతుంది.

ఇక ఈ రెండు అంకెల్నీ దేనితో పోల్చుకోవాలి? అమెరికన్ బార్ అసోసియేషన్ 509వ నిబంధన ప్రకారం, గుర్తింపు ఉన్న ప్రతి లా స్కూలూ ఏటా డిసెంబరులో ఒక నివేదిక బయట పెట్టాలి. ఎంతమంది అప్లై చేశారు, ఎంతమందికి సీటు ఇచ్చారు, ఎంతమంది చేరారు, చేరినవాళ్ళ ఎల్‌శాట్, జి.పి.ఏ.లు ఎంత, ఎవరికి ఎంత స్కాలర్‌షిప్పు అన్నవి అందులో ఉంటాయి. అడ్మిషన్ గురించి అమ్మే పుస్తకాలన్నిటికన్నా ఈ ఉచిత కాగితం విలువైనది.

ఆ కాగితంలో ప్రాణం లాంటి మాట "మీడియన్". మన లెక్కల పుస్తకాల్లో దీన్ని మధ్యగతం అన్నారు. బళ్ళో ప్రేయరుకి పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక నిలబడేవాళ్ళం కదా. ఆ వరసలో సరిగ్గా నడుమ నిలబడ్డవాడి ఎత్తే మధ్యగతం. చివరివాడు ఆరడుగులున్నా ఏడడుగులున్నా నడుమవాడి ఎత్తు మారదు. సగటుకీ దీనికీ తేడా అక్కడే ఉంది. ఒక స్కూలు ఎల్‌శాట్ మధ్యగతం 168 అనుకోండి. దాన్ని నిలబెట్టుకోవడానికి ఆ స్కూలుకి 168 వచ్చినవాడు ఎంత ఉపయోగమో 177 వచ్చినవాడూ అంతే ఉపయోగం. అలాగే 167 వచ్చినవాడు ఎంత బరువో 159 వచ్చినవాడూ అంతే బరువు. ఒక్క మార్కు తేడాతో మనిషి గోడకి అటుపక్కకో ఇటుపక్కకో వెళ్ళిపోతాడు.

ఈ మధ్యగతాల మీద స్కూళ్ళకి ఇంత మోజెందుకంటే, యు.ఎస్. న్యూస్ పత్రిక ర్యాంకులు చాలా ఏళ్ళ పాటు వీటికి పెద్దపీట వేశాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం లా కాలేజీ కొన్నేళ్ళ పాటు ఈ అంకెల్ని పెంచి చూపించిందని 2011లో బయటపడింది. బార్ అసోసియేషన్ 2012లో అభిశంసించి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసింది. 2022 నవంబరులో యేల్, హార్వర్డ్ ఆ ర్యాంకులకి సహకరించమని చెప్పేశాయి. ఆ తరవాత పత్రిక ఎల్‌శాట్, జి.పి.ఏ.ల బరువు బాగా తగ్గించి ఉద్యోగాలకి, బార్ పరీక్ష ఫలితాలకి పెంచింది. అయినా పట్టిన అలవాటు పోలేదు. యేల్, హార్వర్డ్‌ల ఎల్‌శాట్ మధ్యగతం ఈ మధ్య ఏళ్ళలో 174 చుట్టూ తిరుగుతోంది. జార్జ్‌టౌన్‌ది 170 దాటింది.

ఇప్పుడు ఒక ఊహా స్కూలు తీసుకుందాం. చేరినవాళ్ళ ఎల్‌శాట్ కింది పావు దగ్గర 160, నడుమ 166, పై పావు దగ్గర 168. జి.పి.ఏ. అదే వరసలో 3.45, 3.80, 3.92. నలుగురు పిల్లలు అప్లై చేశారు. మొదటివాడికి 169, 3.40. రెండో అమ్మాయికి 161, 3.93. మూడోవాడికి 165, 3.76. నాలుగో అమ్మాయికి 167, 3.85. నాలుగో అమ్మాయికి అవకాశాలు బాగున్నాయని చెప్పడానికి జ్యోతిష్కుడు అక్కర్లేదు. మిగిలిన ముగ్గురిలో చూడగానే మూడోవాడే మెరుగని అనిపిస్తుంది. రెండు అంకెలూ నడుముకి ఆనుకునే ఉన్నాయి. స్కూలు వైపు నుంచి చూస్తే మాత్రం వాడు రెండు వరసల్లోనూ ఇటుపక్క నిలబడి, రెండు మధ్యగతాల్నీ కిందికి లాగుతాడు. మొదటివాడు ఎల్‌శాట్‌ని నిలబెడతాడు, రెండో అమ్మాయి జి.పి.ఏ.ని నిలబెడుతుంది. ఇలా ఒక అంకె పైన, ఒక అంకె కింద ఉన్నవాళ్ళని "స్ప్లిటర్లు" అంటారు. చాలా స్కూళ్ళు ఈ ఇద్దరికీ చోటు చూసి, ఆ తరవాత మూడోవాడి ఫైలు తీస్తాయి. 165ని 166 చేసుకుంటే మూడోవాడి స్థితే మారిపోతుంది. ఇందాకటి అమ్మాయి 3.70, 3.57 తేడా కూడా ఇలాంటిదే. 3.65 మధ్యగతంగా ఉన్న స్కూల్లో ఇంటివాళ్ళు ఆమెని గోడకి అటుపక్క చూస్తున్నారు, స్కూలు ఇటుపక్క చూస్తోంది.

కింది పావు అంకెల్ని చదవడంలో ఒక మెలిక ఉంది. "మావాడికి 160, 3.45. రెండూ ఆ స్కూలు అంకెలే. చేరినవాళ్ళలో నాలుగోవంతు మావాడికన్నా తక్కువే కదా" అంటారు. 160కి దిగువన ఉన్న నాలుగోవంతూ, 3.45కి దిగువన ఉన్న నాలుగోవంతూ ఒకే మనుషులు కారు. ఎల్‌శాట్ తక్కువున్నవాళ్ళలో చాలామందికి జి.పి.ఏ. ఆకాశాన ఉంటుంది, జి.పి.ఏ. తక్కువున్నవాళ్ళకి ఎల్‌శాట్ ఉంటుంది. రెండూ అడుగునే ఉన్నవాళ్ళు బహుకొద్దిమంది, వాళ్ళ ఫైల్లో మరేదో గట్టి సంగతి ఉండే ఉంటుంది.

ఇంకో పొరపాటు లెక్కలు వచ్చినవాళ్ళే చేస్తారు. ఒక్కొక్క స్కూల్లో అవకాశం 30 శాతం అనుకుంటే, అయిదు స్కూళ్ళకి వేస్తే ఒక్కటన్నా రావడానికి 83 శాతం అని కట్టేస్తారు. 0.7ని అయిదుసార్లు గుణిస్తే 0.168, ఒకటిలోంచి తీసేస్తే 0.832. అంకగణితం సరిగానే ఉంది. నాణెం అయిదుసార్లు ఎగరేస్తే ఒకసారి పడ్డదానికీ ఇంకోసారి పడ్డదానికీ సంబంధం ఉండదు. ఇక్కడ అయిదు చోట్లకీ వెళ్ళేది అదే వ్యాసం, అవే సిఫార్సు ఉత్తరాలు, అదే ట్రాన్‌స్క్రిప్టు. ఒకచోట నచ్చనిది అయిదు చోట్లా నచ్చకపోవచ్చు. అసలు సంభావ్యత 83 కన్నా తక్కువే. అందుకే ఒకే ఎత్తులో అయిదు స్కూళ్ళు ఎంచుకునే బదులు, రెండు అంకెలూ మధ్యగతాన్ని దాటిన స్కూళ్ళు మూడన్నా జాబితాలో ఉండాలంటాను. "అంత చిన్న స్కూలా?" అని ఇంట్లో పెద్దలు మూతి విరవకుండా ఉంటే అంతకన్నా మేలు లేదు.

అంకెలు ఫైలుని ఒక గుమ్మం దాకా తీసుకెళతాయి. యేల్ ఏటా చేర్చుకునేది సుమారు 200 మందిని. 174, 3.95 ఉన్నవాళ్ళు అంతకన్నా చాలా ఎక్కువమంది వస్తారు, అక్కడ అంకెలు మౌనం వహిస్తాయి. అప్పుడు ఫైల్లో మనిషి కనబడాలి. పై వరస స్కూళ్ళలో చేరేవాళ్ళలో ఎక్కువమంది కాలేజీ తరవాత ఏడాదో రెండేళ్ళో ఏదో పని చేసొచ్చినవాళ్ళే. మనవాళ్ళకి ఇది మింగుడుపడదు, చదువు మధ్యలో ఆగితే ఇక సాగదని భయం. నా మటుకు నాకు ఆ ఏడాది దండగ అనిపించదు. నాలుగో ఏడు గ్రేడ్లు కూడా లెక్కలోకి వస్తాయి, ఎల్‌శాట్‌కి వ్యవధి దొరుకుతుంది. వ్యాసం సంగతికొస్తే, అమ్మా నాన్నా రెండు సూట్‌కేసులతో ఈ దేశంలో దిగిన కథ చదివే కమిటీకి చాలాసార్లు విన్న కథే. సుప్రీంకోర్టు 2023 జూన్‌లో హార్వర్డ్ కేసులో జాతిని బట్టి సీటు ఇవ్వకూడదంది, కాని జాతి తన జీవితాన్ని ఎలా మలిచిందో అభ్యర్థి రాసుకోవచ్చంది. రాసేటప్పుడు సూట్‌కేసులు మనవి, జీవితం పిల్లలదని గుర్తుంటే చాలు.

సీట్లు సెప్టెంబరు నుంచి వచ్చిన ఫైలు వచ్చినట్టు ఇస్తూ పోతారు కనక త్వరగా వెయ్యడం మంచిదే. అయితే మూడు మార్కులు పెరిగే ఆశ నిజంగా ఉంటే నవంబరు దాకా ఆగినా ఫరవాలేదు.

చివరికి డబ్బు. ఈ అంచనాలన్నిటికీ అసలు ఉపయోగం ఇక్కడే అంటాను. పేరున్న ప్రైవేటు లా స్కూళ్ళలో చాలావాటికి అన్ని ఖర్చులతో ఏడాదికి లక్ష డాలర్లు దాటింది. 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం, 2026 జూలై 1 తరవాత కొత్తగా అప్పు చేసేవాళ్ళకి గ్రాడ్ ప్లస్ ఋణం లేదు. లా విద్యార్థికి ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000, మొత్తం మీద రెండు లక్షల డాలర్లు మించదు. మిగతాది ఇల్లో, ప్రైవేటు బ్యాంకో, స్కాలర్‌షిప్పో భరించాలి. గ్రీన్ కార్డు క్యూలో ఉండగానే ఇరవై ఒకటి నిండి విద్యార్థి వీసాకి మారిన మన పిల్లలకి ఫెడరల్ అప్పు అసలే దొరకదు. పట్టా పుచ్చుకున్నవాళ్ళ మొదటి జీతాల పటం గీస్తే ఒంటె మూపుల్లా రెండు గుట్టలు కనిపిస్తాయి. పెద్ద ఫర్ముల్లో చేరినవాళ్ళ గుట్ట ఒకటి, 2023 చివరినుంచీ అక్కడ మొదటి జీతం 225,000. రెండో గుట్ట లక్షకి దిగువన ఉంది. సగటు జీతం ఆ రెండిటి మధ్య లోయలో పడుతుంది, ఆ జీతం తీసుకునేవాళ్ళు పెద్దగా లేరు.

హార్వర్డ్, యేల్, స్టాన్‌ఫర్డ్ ఆర్థిక అవసరాన్ని బట్టే సాయం చేస్తాయి. తక్కిన చాలా స్కూళ్ళు మధ్యగతాన్ని దాటిన అంకెల్ని స్కాలర్‌షిప్పు ఇచ్చి కొనుక్కుంటాయి. 166 మధ్యగతం ఉన్న స్కూల్లో అతి కష్టం మీద చేరే అమ్మాయికి, 162 మధ్యగతం ఉన్న స్కూలు సగం ఫీజు వదులుకోవచ్చు. ఒకే స్కూలుకి కట్టుబడి ముందుగా వేసే "బైండింగ్" దరఖాస్తు ఈ బేరానికి అవకాశం లేకుండా చేస్తుంది. కొన్నిచోట్ల స్కాలర్‌షిప్పుకి షరతు ఉంటుంది: మొదటి ఏడు జి.పి.ఏ. 3.0కి తగ్గకూడదని. కాలేజీలో ఎన్నడూ 3.5కి దిగని పిల్లకి అదేం లెక్క అనిపిస్తుంది. లా స్కూల్లో గ్రేడ్లు కర్వు మీద ఇస్తారు. ఆ కర్వు నడుము 3.0 దగ్గరే ఉంటే, ఎంత కష్టపడ్డా క్లాసులో సగం మంది దానికి దిగువన ఉండక తప్పదు. షరతు మీద స్కాలర్‌షిప్పు తీసుకున్నవాళ్ళు ఎందరు, అందులో ఎందరికి పోయింది, ఎందరికి తగ్గించారు అన్నది కూడా ఆ 509 నివేదికలోనే వేరే పట్టికలో ఉంటుంది. డిపాజిట్ కట్టేలోగా ఆ పట్టిక చూసి, మొదటి ఏడు కర్వు ఎక్కడ పెడతారో స్కూలుకి ఉత్తరం రాసి అడగండి. షరతు తీసెయ్యమని కూడా అదే ఉత్తరంలో అడగవచ్చు, కొన్ని స్కూళ్ళు ఒప్పుకుంటాయి.